ఎడారి యుద్ధంలో బ్రిటిష్ సేనానులు అన్నిసార్లు ఎందుకు మారారు? (1940–43)

చీరాల_చదువరి

అందరికీ నమస్కారం. ఈజిప్టు, లిబియా ఎడారి యుద్ధం గురించి కొంతకాలంగా చదువుతున్నాను. జర్మన్ల వైపు కథ తేలిగ్గానే పట్టుబడింది, అటు దాదాపు అంతా రోమెల్ చుట్టూ తిరుగుతుంది కాబట్టి. బ్రిటిష్ వైపుకొచ్చేసరికి తల తిరుగుతోంది. వేవెల్, ఓకానర్, నీమ్, బెరెస్‌ఫర్డ్-పీర్స్, కన్నింగ్‌హామ్, రిచీ, ఓకిన్‌లెక్, గాట్, మాంట్‌గోమరీ... పేజీ తిప్పితే ఇంకో పేరు. 13వ కోర్ అంటారు, 30వ కోర్ అంటారు, మధ్యలో 4వ ఇండియన్ డివిజన్ వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది.

ఎవరి కింద ఎవరున్నారో ఎవరైనా విడమరిచి చెబుతారా? ఇంకో సందేహం కూడా ఉంది. ఇంతమందిని మార్చారంటే వీళ్ళంతా నిజంగా చేతగానివాళ్ళేనా?

పాతపటాలు

మంచి ప్రశ్న వేశారు. ముందు మెట్లు చూద్దాం. బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్, బ్రిగేడ్‌లు కలిస్తే డివిజన్, డివిజన్లు కలిస్తే కోర్, కోర్‌లు కలిస్తే ఆర్మీ. ఆర్మీ పైన కైరోలో మధ్యప్రాచ్యం మొత్తానికి ఒక కమాండర్-ఇన్-చీఫ్. 1941 జులై దాకా ఆ కుర్చీలో వేవెల్, తర్వాత 1942 ఆగస్టు దాకా ఓకిన్‌లెక్, ఆ తర్వాత అలెగ్జాండర్. మీ జాబితాలో సగం గందరగోళం ఇక్కడే ఉంది. కైరోలో కూర్చున్నవాళ్ళనీ ఎడారిలో దిగినవాళ్ళనీ ఒకే వరుసలో రాశారు.

1940లో ఎడారిలో ఉన్నది ఆర్మీ కాదు, కోర్ అంత బలగం. పేరు వెస్టర్న్ డెజర్ట్ ఫోర్స్, సేనాని రిచర్డ్ ఓకానర్. అతని చేతిలో రెండే రెండు డివిజన్లు. ఒకటి క్రీగ్ నడిపిన 7వ ఆర్మర్డ్, తర్వాత ఎడారి ఎలుకలుగా పేరుపడింది వీళ్ళే. రెండోది బెరెస్‌ఫర్డ్-పీర్స్ నడిపిన 4వ ఇండియన్. 1940 డిసెంబర్ 9న నిబేవా శిబిరం మీద వెనకవైపు నుంచి పడ్డారు. ముందు మటిల్డా ట్యాంకులు, వాటి వెనకాల 4వ డివిజన్ పదాతిదళం. ఇటాలియన్ల దగ్గర మటిల్డాను ఛేదించే ఫిరంగి లేదు. 1941 ఫిబ్రవరి 7న బేదా ఫోమ్ దగ్గర కథ ముగిసేసరికి సుమారు 36,000 మంది బలగం 1,30,000 మంది ఇటాలియన్లను ఖైదు చేసింది. బ్రిటిష్, కామన్వెల్త్ వైపు చనిపోయినవాళ్ళు 500 మంది.

మధ్యలో, 1941 జనవరి 1న, ఆ ఫోర్స్‌కే 13వ కోర్ అని పేరు మార్చారు. మనుషులు వాళ్ళే, బోర్డు మారింది.

లష్కర్_పోరడు

పటాలన్న అసలు సంగతి వదిలిపెట్టిండు. నిబేవా దాడి మొదలైన మూడు రోజులకే 4వ ఇండియన్ డివిజన్‌ను పీకి సూడాన్‌కు పంపిండు వేవెల్. గెలుస్తున్న టీమ్ల నుంచి సగం మందిని తీసేసుడు ఏంది చెప్పుండ్రి! దాని జాగల మేకే నడిపే 6వ ఆస్ట్రేలియన్ డివిజన్ వచ్చేదాంక ఓకానర్ చేతులు కట్టుకొని ఉండాల్సొచ్చె. బార్డియా మీదికి జనవరి 3 దాంక పోలేకపోయిండు. ఫిబ్రవరిల ట్రిపోలీ దాంక పోదామంటే మళ్ళ ఆపి, దళాలను గ్రీసుకు పంపిండ్రు. రోమెల్ ట్రిపోలీల దిగింది ఫిబ్రవరి 12న. బేదా ఫోమ్‌కు అయిదు రోజుల తర్వాత.

పాతపటాలు

సూడాన్ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను. ఎర్ర సముద్రం ఇటాలియన్ల నీడలో ఉన్నంతకాలం అమెరికా ఓడలు సూయజ్ దాకా రావు. కెరెన్ కొండలెక్కి ఎరిత్రియా గెలిచింది ఆ 4వ డివిజనూ 5వ ఇండియన్ డివిజనూ కలిసే. గ్రీసు విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తున్నాను. అక్కడ మిగిల్చింది ఏమిటో చూడండి. సైరెనైకాలో (తూర్పు లిబియా) నీమ్ కింద, సగం ట్యాంకులు సరిగా నడవని 2వ ఆర్మర్డ్ డివిజన్, ఇంకా శిక్షణ పూర్తికాని 9వ ఆస్ట్రేలియన్, 3వ ఇండియన్ మోటార్ బ్రిగేడ్. మార్చి 24న రోమెల్ కదిలితే రెండు వారాల్లో అంతా చెల్లాచెదురు. నీమ్‌కు సాయంగా వచ్చిన ఓకానర్ కూడా ఏప్రిల్ 6 రాత్రి అతనితోపాటే కారులో వెళుతూ జర్మన్లకు దొరికిపోయాడు. మోర్స్‌హెడ్ నడిపిన 9వ ఆస్ట్రేలియన్ ఒక్కటే తోబ్రుక్ రేవుకోటలోకి వెళ్ళి తలుపేసుకుని నిలబడింది.

గుంటూరు_గన్నర్

ఆ 3వ ఇండియన్ మోటార్ బ్రిగేడ్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మూడు అశ్విక రెజిమెంట్లు: 2వ లాన్సర్స్, 11వ కావల్రీ, 18వ కావల్రీ. గుర్రాలు తీసేసి లారీలెక్కించారు, ట్యాంకులు మాత్రం ఇవ్వలేదు. 1941 ఏప్రిల్ 8న మెకిలీ దగ్గర చుట్టుముట్టినప్పుడు 2వ లాన్సర్స్‌లో ఒక స్క్వాడ్రన్ వలయాన్ని చీల్చుకుని బయటపడింది, దారిలో మూడు వందలమంది ఖైదీలను వెంటబెట్టుకొచ్చింది. ఆ స్క్వాడ్రన్ నాయకుడు మేజర్ రాజేంద్రసింహ్‌జీ జడేజా. ఆ యుద్ధంలో డీఎస్ఓ పతకం అందుకున్న మొదటి భారతీయుడు.

ఏడాది తర్వాత అదే బ్రిగేడ్‌ను మళ్ళీ అలాగే పెట్టారు. 1942 మే 27 పొద్దున బీర్ హకీమ్‌కు ఆగ్నేయాన, అంతకుముందే వచ్చి సర్దుకుంటుండగా ఇటాలియన్ల ఆరియెతే డివిజన్ ట్యాంకులు మీదపడ్డాయి. 2వ ఫీల్డ్ రెజిమెంట్ 25 పౌండర్ ఫిరంగులు దగ్గరదాకా రానిచ్చి కాల్చాయి, కొన్ని ట్యాంకులు తగలబడ్డాయి, అయినా గంటకొద్దీ నిలవలేదు. ఆ గన్నర్లలో మేజర్ పి.పి. కుమారమంగళం ఉన్నాడు. ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపిన పి. సుబ్బరాయన్ గారి అబ్బాయి. డీఎస్ఓ వచ్చింది, ఖైదు కూడా వచ్చింది. రాజేంద్రసింహ్‌జీ, కుమారమంగళం ఇద్దరూ తర్వాత భారత సైన్యాధిపతులయ్యారు.

నా బాధల్లా ఒకటే. ఒక బ్రిగేడ్‌ను దాని డివిజన్ ఫిరంగులు, ట్యాంకులు లేకుండా ఒంటరిగా ఇసుకలో కూర్చోబెడితే దాన్ని ఎవరు నడిపినా ఏం చేస్తారు?

చీరాల_చదువరి

ఇది నాకు కొత్త కోణం. అంటే సేనాని కంటే దళాన్ని ముక్కలు చేయడమే అసలు లోపం అంటారా? మరి 8వ సైన్యం ఎప్పుడు పుట్టింది?

పాతపటాలు

1941 సెప్టెంబర్‌లో. అంతకుముందు జూన్‌లో బ్యాటిల్‌యాక్స్ దాడి మూడు రోజుల్లో విఫలమయ్యింది, చర్చిల్ వేవెల్‌నూ ఓకిన్‌లెక్‌నూ అటూ ఇటూ మార్చాడు. వేవెల్ ఢిల్లీకి, ఢిల్లీలో ఉన్న ఓకిన్‌లెక్ కైరోకి.

8వ సైన్యం మొదటి సేనాని అలన్ కన్నింగ్‌హామ్. తూర్పు ఆఫ్రికాలో అడిస్ అబాబా దాకా దూసుకెళ్ళినవాడు, కానీ ట్యాంకులతో యుద్ధం అలవాటు లేదు. అతని కింద రెండు కోర్‌లు. గాడ్విన్-ఆస్టెన్ నడిపే 13వ కోర్‌లో న్యూజిలాండ్ డివిజన్ (ఫ్రైబర్గ్), 4వ ఇండియన్ (మెస్సెర్వీ). నోరీ నడిపే 30వ కోర్‌లో 7వ ఆర్మర్డ్ (గాట్), 1వ సౌత్ ఆఫ్రికన్. నిజానికి 30వ కోర్ పోప్ అనే ట్యాంకుల నిపుణుడికి ఇచ్చారు, అక్టోబర్‌లో విమానం కూలి చనిపోయాడు. నోరీ ఆఖరి నిమిషంలో వచ్చాడు.

నవంబర్ 18న తోబ్రుక్‌ను విడిపించే క్రూసేడర్ దాడి మొదలైంది. గన్నర్ గారి మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 7వ ఆర్మర్డ్‌లో మూడు ట్యాంకు బ్రిగేడ్‌లు. మర్నాటికల్లా 22వ బ్రిగేడ్ బీర్ ఎల్ గోబీ దగ్గర ఆరియెతేతో తలపడి నలభై దాకా ట్యాంకులు పోగొట్టుకుంది, 7వ బ్రిగేడ్ సిదీ రెజెగ్ విమానాశ్రయం మీద, 4వ బ్రిగేడ్ ఇంకో దిక్కున 13వ కోర్‌కు కాపలాగా. మూడు బ్రిగేడ్‌లు మూడు చోట్ల. రోమెల్ తన రెండు పాంజర్ (ట్యాంకు) డివిజన్లను కలిపి ఒక్కొక్కదాన్నీ పట్టుకున్నాడు. నవంబర్ 23న 5వ సౌత్ ఆఫ్రికన్ బ్రిగేడ్ తుడిచిపెట్టుకుపోయింది.

కన్నింగ్‌హామ్ వెనక్కి రావాలన్నాడు. ఓకిన్‌లెక్ విమానంలో వచ్చి వద్దన్నాడు, 26న అతన్ని తప్పించి తన దగ్గర స్టాఫ్‌లో ఉన్న రిచీని కూర్చోబెట్టాడు. చివరికి తోబ్రుక్ విడుదలైంది, రోమెల్ ఎల్ అఘేలా దాకా వెనక్కి తగ్గాడు. కానీ చూడండి, నోరీ, గాడ్విన్-ఆస్టెన్ ఇద్దరూ రిచీకన్నా సీనియర్లు. నిన్నటిదాకా తమకన్నా చిన్నవాడు ఇవాళ ఆజ్ఞలిస్తే వినేదెంత, వాదించేదెంత? ఫిబ్రవరిలో గాడ్విన్-ఆస్టెన్ నా వల్ల కాదని తప్పుకున్నాడు, గాట్ 13వ కోర్‌కు వచ్చాడు.

కడప_రాయుడు

అబ్బో, మీరంతా రిచీ మీద జాలి చూపిస్తాండారు. 1942లో తోబ్రుక్‌కు పడమట గజాలా దగ్గర చేతిలో ఎక్కువ ట్యాంకులుండేది ఎవరికి? రిచీకే గదా. కొత్త గ్రాంట్ ట్యాంకులుండె, 6 పౌండర్ ఫిరంగులు రాబట్టె. అయినా ఏం జేసినాడు? మే ఆఖర్లో రోమెల్ మందుపాతరల ఇవతల నీళ్ళు లేక ఇరుక్కుంటే, అప్పుడే మీద పడాల్సింది పోయి రోజుల తరబడి మీటింగులు పెట్టుకుంటా కూచున్నాడు. జూన్ 1కి 150వ బ్రిగేడ్ పాయ. సాయం పోయినోడే లేడు. జూన్ 5న కదిలితే, ఆ దాడికి ఇద్దురు సేనానులు: మెస్సెర్వీ ఒకడు, 5వ ఇండియన్ డివిజన్ బ్రిగ్స్ ఇంకొకడు. మొదట ఒకరు, ఆనక ఇంకొకరంట! 9వ, 10వ ఇండియన్ బ్రిగేడ్‌లు, నాలుగు ఫిరంగి రెజిమెంట్లు ఆ కొలిమిలో కాలిపాయ. జూన్ 21న తోబ్రుక్ పాయ, 33,000 మంది ఖైదు. దానికి కూడా దళాన్ని ముక్కలు చేసినారని సాకు జెప్తారా?

గుంటూరు_గన్నర్

రాయుడు గారూ, మీరు చెప్పినదంతా నిజమే. అదంతా నా వాదనకే బలం. 150వ బ్రిగేడ్ ఎవరిది? 50వ డివిజన్‌ది. మిగతా రెండు బ్రిగేడ్‌లు ఎక్కడో ఉత్తరాన. గజాలా లైనంతా అలా "బాక్స్"లే. ముళ్ళకంచె, మందుపాతరలు, లోపల ఒక బ్రిగేడ్. పక్క బాక్స్ ఫిరంగి దీన్ని అందుకోలేనంత దూరంలో. తోబ్రుక్‌లోనూ అంతే. అక్కడి సేనాని క్లాపర్ దగ్గర 2వ సౌత్ ఆఫ్రికన్‌లో రెండే బ్రిగేడ్‌లు, గార్డ్స్ బ్రిగేడ్ ఒకటి, 4వ ఇండియన్ నుంచి అరువు తెచ్చిన 11వ బ్రిగేడ్ ఒకటి. జూన్ 20న దెబ్బ పడింది సరిగ్గా ఆ 11వ బ్రిగేడ్ మీదే, 2/5 మరాఠా ఉన్న చోట.

ఈ అలవాటు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1940లో ఫిరంగులు తక్కువ, ఎడారి పెద్దది. జాక్ క్యాంప్‌బెల్ అనే ఫిరంగి దళ అధికారి నాలుగు ఫిరంగులు, కాసింత పదాతిదళం, కొన్ని సాయుధ కార్లు కలిపి చిన్న దండులుగా పంపి ఇటాలియన్లను ఏడిపించాడు. అప్పటికి అది తెలివైన పనే. సిదీ రెజెగ్‌లో తెరిచిన కారు మీద నిలబడి ట్యాంకులకు దారి చూపించి అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ తెచ్చుకున్నాడు, కాబట్టి ఆయన పద్ధతిని కాదనేవాడే లేడు. లేనప్పటి ఉపాయం, ఉన్నప్పటి సిద్ధాంతం అయిపోయింది.

లష్కర్_పోరడు

7వ ఆర్మర్డ్ డివిజన్ ఒక్కదాన్నే తీసుకొని చూడున్రి, పెద్దోళ్ళ సంగతి పక్కకు పెట్టి. క్రీగ్‌ను 1941 సెప్టెంబర్ల తీసేసిండ్రు. తర్వాత గాట్, ప్రమోషన్ మీద పోయిండు. తర్వాత గా క్యాంప్‌బెల్, వచ్చిన కొన్ని రోజులకే 1942 ఫిబ్రవరిల కారు బోల్తా పడి సచ్చిపోయిండు. తర్వాత మెస్సెర్వీ. మే 27న హెడ్‌క్వార్టర్సే జర్మన్ల చేతుల పడ్డది, ఈయన భుజాల మీది బ్యాడ్జీలు పీకేసుకొని సిపాయి లెక్క నటించి తప్పించుకున్నడు. జూన్ల తీసేసిండ్రు. తర్వాత రెంటన్, కోర్ సేనాని హారక్స్‌తోని లొల్లి అయ్యి సెప్టెంబర్ల పోయిండు. తర్వాత హార్డింగ్, 1943 జనవరిల ట్రిపోలీ దగ్గర గాయపడ్డడు. తర్వాత ఎర్స్‌కిన్. ఒక్క డివిజన్‌కు ఏడాదిన్నరల గింతమంది. గిట్లయితే ట్యాంకోడికి, పదాతి వానికి, గన్నర్‌కు ఒకని పని ఒకనికి ఎట్ల తెలుస్తది?

తణుకు_తాతయ్య

నేను పదేళ్ళుగా ఈ వేదికలో చదవడమే తప్ప రాయడం తక్కువ. అయినా మన తెలుగువాళ్ళ ఊసు ఎవరూ ఎత్తకపోతే ఉండలేకపోయాను. 4వ ఇండియన్ డివిజన్ ఇంజనీర్లలో 12వ ఫీల్డ్ కంపెనీ మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ వాళ్ళది. ఆ సాపర్లలో తమిళులతోపాటు మనవాళ్ళూ ఉండేవారు. పదాతిదళం కదిలే ముందు రాత్రి మందుపాతరలు వెతికి తీసి తెల్ల టేపుతో దారి గీయడం, నీళ్ళు చూపించడం, దారులు వేయడం వాళ్ళ పని. పంజాబీ, రాజ్‌పుతానా, గూర్ఖా పేర్లే పుస్తకాలకెక్కుతాయి గానీ వాళ్ళు నడిచిన దారి ముందు వీళ్ళే తీశారు.

మా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అని ఊరికే అనరు. రెండో ప్రపంచయుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే వెయ్యిమందికి పైగా వెళ్ళారని చెబుతారు. ఎవరింట్లోనైనా పాత డిశ్చార్జి కాగితాలుంటే యూనిట్ నంబరు చూడండి. ఎల్ అలమెయిన్ స్మశానంలో సమాధులే కాదు, దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల కోసం వేరే స్మారకం ఉంది, ఆరు వందలకు పైగా పేర్లున్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైట్‌లో రెజిమెంట్ పేరుతో వెతకొచ్చు.

చీరాల_చదువరి

తాతయ్య గారూ, ధన్యవాదాలు. ఇక మాంట్‌గోమరీ దగ్గరికి వద్దామా? ఆయనొచ్చాకే కదా గెలుపు?

కడప_రాయుడు

ఆయనే మొనగాడు. వచ్చిన రోజే వెనక్కి పోయే ప్లాన్లన్నీ కాల్చేయమన్నాడు. అంతే, సైన్యం లేచి కూర్చునె.

పాతపటాలు

అంత తేలిగ్గా ఇవ్వలేను. రోమెల్‌ను ఆపింది 1942 జులైలో, జూన్ 25న రిచీని తప్పించి తానే ఎడారిలోకి దిగిన ఓకిన్‌లెక్. జులై 1న అలమెయిన్ లైనులోని దేర్ ఎల్ షీన్‌లో 18వ ఇండియన్ బ్రిగేడ్ నిలబడిన తీరు చూడండి. ఇరాక్ నుంచి అప్పుడే వచ్చింది. ఎసెక్స్, సిక్కు, గూర్ఖా బెటాలియన్లు ఒక్కొక్కటి, తొమ్మిది మటిల్డాలు. సాయంత్రానికి బ్రిగేడ్ లేదు. కానీ జర్మన్లు ఆ పొద్దు దాడికి తెచ్చిన 55 ట్యాంకుల్లో 18 పోయాయి, ఒక రోజంతా పోయింది. ఆ ఒక్క రోజులో వెనక లైను కుదురుకుంది. అయినా ఆగస్టు 3న కైరో వచ్చిన చర్చిల్ ఓకిన్‌లెక్‌ను తీసేశాడు. 8వ సైన్యం గాట్‌కు ఇచ్చాడు, 7న అతని విమానాన్ని జర్మన్లు కూల్చేశారు. అందుకే మాంట్‌గోమరీ. ఆయన మొదటి ఎంపిక కాదు.

గుంటూరు_గన్నర్

ఓకిన్‌లెక్ లోపం ఒకటుంది, మనవాడని దాచకూడదు. జీవితమంతా ఇండియన్ ఆర్మీలో చేసినవాడు, బ్రిటిష్ అధికారుల్లో ఎవరెంతవాడో తెలియదు. మనుషుల ఎంపిక అందుకే తప్పింది. పైగా ఓడిన ప్రతిసారీ డివిజన్లను ఇంకా చిన్న "బ్యాటిల్ గ్రూపు"లుగా కోశాడు.

మాంట్‌గోమరీ తెచ్చిన అసలు మార్పు ఆ కాల్చేయమన్న మాట కాదు, డివిజన్ డివిజన్‌గానే పోరాడాలి అన్న నియమం. జాక్ దండులు, బాక్స్‌లు బంద్. అక్టోబర్ 23 రాత్రి అలమెయిన్‌లో చూడండి. లీస్ 30వ కోర్‌లో ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా 9వ ఆస్ట్రేలియన్, 51వ హైలాండ్, న్యూజిలాండ్, 1వ సౌత్ ఆఫ్రికన్, 4వ ఇండియన్. ఏ డివిజన్ ఫిరంగులు దాని చేతిలో, అన్నిటినీ కలిపి ఒకే చోట కాల్చే ఏర్పాటు కోర్ చేతిలో. దక్షిణాన హారక్స్ 13వ కోర్. వెనక లమ్స్‌డెన్ 10వ కోర్, ట్యాంకులు.

అలాగని అది చవకగా రాలేదు. వెయ్యికి పైగా ట్యాంకులు, తోబ్రుక్ పడ్డాక రూజ్‌వెల్ట్ పంపిన 300 షెర్మన్ ట్యాంకులు ఉండి కూడా పన్నెండు రోజులు పట్టింది, 13,500 మంది చనిపోయారు లేదా గాయపడ్డారు లేదా తప్పిపోయారు. లమ్స్‌డెన్, అతని కింది డివిజన్ సేనాని గేట్‌హౌస్ ట్యాంకులను మందుపాతరల్లోకి తోయడానికి ఒప్పుకోలేదు, తర్వాత ఇద్దరూ ఇంటికి. అంటే తీసేయడం ఈయనా మానలేదు.

పాతపటాలు

ఇంకో అన్యాయం. అలమెయిన్ తర్వాత 4వ ఇండియన్‌ను యుద్ధభూమి శుభ్రం చేసే పనులకు వెనకే వదిలేశారు. దాని సేనాని టకర్ మండిపడ్డాడు. కానీ 1943 ఏప్రిల్‌లో వాదీ అకారిత్ దగ్గర కొండలు అడ్డం వచ్చేసరికి వాళ్ళే కావలసి వచ్చారు. టకర్ ఫిరంగులు మోగకముందే రాత్రిపూట ఫత్నాసా కొండలెక్కిస్తానన్నాడు, ఎక్కించాడు. సుబేదార్ లాల్‌బహదూర్ థాపాకు విక్టోరియా క్రాస్ వచ్చింది ఆ రాత్రే. మే 12న ట్యునీషియాలో జర్మన్ సేనాని ఫాన్ ఆర్నిమ్ లొంగిపోయింది కూడా 4వ ఇండియన్ డివిజన్‌కే.

చీరాల_చదువరి

తీసేసినవాళ్ళు తర్వాత ఏమయ్యారు? నా రెండో ప్రశ్నకు జవాబు అందులో దొరుకుతుందేమో అనిపిస్తోంది.

గుంటూరు_గన్నర్

దొరుకుతుంది. మెస్సెర్వీ 7వ ఇండియన్ డివిజన్‌తో బర్మా వెళ్ళాడు. 1944 ఫిబ్రవరిలో అరకాన్‌లో ఆయన హెడ్‌క్వార్టర్స్ మళ్ళీ శత్రువుల చేతిలో పడింది, మళ్ళీ తప్పించుకున్నాడు, ఈసారి చుట్టుముట్టిన జపానోళ్ళను ఓడించాడు. 1944 డిసెంబర్‌లో 4వ కోర్ ఇచ్చారు. 1947 ఆగస్టులో పాకిస్తాన్ సైన్యానికి మొదటి కమాండర్-ఇన్-చీఫ్. 1942 జూన్‌లో మెర్సా మత్రూ యుద్ధం నాటికి 10వ ఇండియన్ డివిజన్‌ను నడుపుతున్న రీస్‌ను గాట్ తీసేశాడు. అదే రీస్ 19వ ఇండియన్ డివిజన్‌తో 1945 మార్చిలో మాండలే గెలిచాడు. బ్రిగ్స్ 5వ డివిజన్‌తో అరకాన్, ఇంఫాల్. ఓకానర్ ఇటలీ ఖైదు నుంచి తప్పించుకుని నార్మండీలో 8వ కోర్. రాయుడు గారి రిచీకి కూడా 1944లో 12వ కోర్ ఇచ్చారు, బాగానే నడిపాడు. కన్నింగ్‌హామ్‌కు మాత్రం మళ్ళీ యుద్ధరంగం దక్కలేదు, పాలస్తీనాకు చివరి హైకమిషనర్‌గా పోయాడు.

కడప_రాయుడు

రిచీకి కోర్ ఇచ్చినారు గానీ ఆర్మీ ఇయ్యలేదు గదా. నా మాట నిలబడినట్టే.

లష్కర్_పోరడు

రాయుడన్న ఇడిసిపెట్టడు. నేనొకటి చెప్త, ఇది మన హైదరాబాద్ ముచ్చట. 1948 సెప్టెంబర్ 13న నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం వచ్చినప్పుడు సదరన్ కమాండ్ పెద్ద ఎవరు? మెకిలీల వలయం చీల్చుకొని వచ్చిన రాజేంద్రసింహ్‌జీ. షోలాపూర్ దిక్కు నుంచి 1వ ఆర్మర్డ్ డివిజన్‌తోని వచ్చింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, ఆయన గూడ ఎడారి మనిషే. అయిదు రోజులల్ల అయిపోయింది, చౌధురి హైదరాబాద్ మిలటరీ గవర్నర్ అయి కూర్చున్నడు. గా ప్లాన్ల డివిజన్‌ను ముక్కలు చెయ్యలే, ఒక్క పెద్ద రోడ్డు మీద దింపిండ్రు. ఎడారిల తిన్న దెబ్బ యాదికున్నదని నాకనిపిస్తది.

పాతపటాలు

చివరి మాట మీ ఊహ. షోలాపూర్-హైదరాబాద్ రోడ్డు ఉన్నదే ఒకటి, అక్కడ కమాండర్‌కు ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పైగా విజయవాడ వైపు నుంచి రెండో దళం వచ్చింది.

చీరాల_చదువరి

చౌధురి ఎడారిలో ఏ డివిజన్‌లో ఉన్నాడు?

గుంటూరు_గన్నర్

5వ ఇండియన్. సూడాన్, ఎరిత్రియా నుంచి ఆ డివిజన్‌తోనే ఎడారికి వచ్చాడు, స్టాఫ్ ఆఫీసర్‌గా.